నీరు రాష్ట్రాల జాబితాలో ఉంటే కృష్ణా బోర్డు ఎవరిది?

పౌరశాస్త్రం మాస్టారు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం బోధిస్తాను. కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాలను పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలు పాఠం వచ్చిన రోజు నల్లబల్ల మీద మూడు నిలువు గడులు గీసి, కేంద్ర జాబితా కింద రక్షణ, రైల్వేలు, కరెన్సీ అనీ, రాష్ట్ర జాబితా కింద పోలీసు, వ్యవసాయం, నీరు అనీ, ఉమ్మడి జాబితా కింద విద్య, అడవులు, విద్యుత్తు అనీ రాయడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. మొన్న అలాగే రాసి ఇటు తిరిగేసరికి, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పొలం ఉన్న ఇంటి నుంచి వచ్చిన ఒక విద్యార్థి లేచి, "నీరు రాష్ట్రానిదైతే కాలువకు నీళ్లు వదలడానికి కృష్ణా బోర్డు ఉత్తర్వు ఎందుకండీ? ఆ బోర్డును వేసింది కేంద్రం కదా?" అని అడిగాడు.

పరీక్షలో మూడు జాబితాలు రాస్తే చాలునని చెప్పి ఆ పూటకు తప్పించుకున్నాను గానీ, ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఒక పదిహేడేళ్ల పిల్లవాడికి అబద్ధం చెప్పకుండా, గందరగోళపెట్టకుండా ఈ సంగతిని ఎలా వివరించాలో అనుభవమున్న సభ్యులు చెప్పగలరని ఇక్కడ అడుగుతున్నాను. ఏ ప్రభుత్వం మంచిది, ఏ రాష్ట్రానికి అన్యాయం జరిగింది అన్న చర్చలోకి దయచేసి వెళ్లవద్దని మనవి.

వకాల్తా

మాస్టారూ, మీ విద్యార్థికి కావలసిన జవాబు రాష్ట్ర జాబితాలోని 17వ అంశంలోనే ఉంది. పాఠ్యపుస్తకాలు ఆ వాక్యాన్ని మధ్యలోనే తుంచేస్తాయి కనుక ఎవరికీ కనబడదు. ఆ అంశం "నీరు" అని చెప్పి ఊరుకోదు. నీటి సరఫరా, సాగునీరు, కాలువలు, మురుగు పారుదల, కరకట్టలు, నీటి నిల్వ, జలవిద్యుత్తు అని వరసగా చెప్పుకుంటూ వచ్చి, చివర "కేంద్ర జాబితాలోని 56వ అంశానికి లోబడి" అని ముగుస్తుంది. ఆ 56వ అంశం అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ, అభివృద్ధి గురించినది. దానిలోనూ ఒక మెలిక ఉంది: అది కేంద్రం ఆధీనంలో ఉండడం ప్రజాప్రయోజనం దృష్ట్యా అవసరమని పార్లమెంటు చట్టం ద్వారా ఎంతమేరకు ప్రకటిస్తే, అంతమేరకే కేంద్రానికి అధికారం దక్కుతుంది. పార్లమెంటు నోరు విప్పనంతకాలం నది రాష్ట్రాలదే. విప్పిన తరువాత ఆ చట్టం ఎంత చెబితే అంత కేంద్రానిది.

ఇప్పుడు మీరు అడిగిన బోర్డు సంగతి. అంతర్రాష్ట్ర నదుల కోసం పార్లమెంటు 1956లో రెండు చట్టాలు చేసింది. వాటిలో నదీ బోర్డుల చట్టం కింద ఇంతవరకు ఒక్క బోర్డు కూడా ఏర్పడలేదు. రెండోది నదీజల వివాదాల చట్టం. రాష్ట్రాల మధ్య నీళ్ల తగాదాలు తీర్చే ట్రైబ్యునళ్లు దాని కింద వస్తాయి, దానికి ఆధారం 262వ అధికరణ. కృష్ణా, గోదావరి బోర్డులు ఈ రెండింటి నుంచీ పుట్టలేదు. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోని 84వ సెక్షను కేంద్ర మంత్రి, ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చునే అపెక్స్ కౌన్సిల్‌ను, 85వ సెక్షను ఈ రెండు బోర్డులను ఏర్పరిచాయి. ఆ చట్టానికి మూలం రాజ్యాంగంలోని 3, 4 అధికరణలు. కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు దాని వెంట వచ్చే అనుబంధ ఏర్పాట్లన్నీ అదే చట్టంలో చేసుకోవచ్చని 4వ అధికరణ చెబుతుంది.

3వ అధికరణ కింద పార్లమెంటు రాష్ట్ర శాసనసభ అభిప్రాయం తెలుసుకుంటే చాలు, దాని ఒప్పుకోలు అవసరం లేదు. 2014 జనవరి 30న ఉమ్మడి రాష్ట్ర శాసనసభ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ అదే బిల్లును ఆమోదించాయి. రాష్ట్రం ఎల్లలనే మార్చగలిగిన పార్లమెంటుకు ఆ రాష్ట్రపు నది మీద ఒక బోర్డు పెట్టడం పెద్ద పని కాదు. మీరు గీసే మూడు గడులలో ఈ 3వ అధికరణకు చోటు లేదు. పిల్లలకు ముందు ఆ సంగతి చెప్పండి.

కాలువగట్టు

నేను నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి విరమించాను. వకాల్తా గారు చట్టం చెప్పారు, నేను గేటు దగ్గర చూసినది చెబుతాను.

బచావత్ ట్రైబ్యునల్ కృష్ణా జలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించినది 811 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). రాష్ట్రం విడిపోయాక 2015లో తాత్కాలిక ఏర్పాటుగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అని రెండు రాష్ట్రాల అధికారులు కేంద్ర జలవనరుల శాఖ సమక్షంలో ఒప్పుకున్నారు. ఒక్క ఏడాదికని వచ్చిన ఆ లెక్క పట్టుకుని ఏళ్ల తరబడి నడిపించారు. నీళ్లు కావలసిన రాష్ట్రం ఎన్ని కావాలో రాసి ఇండెంటు పెడుతుంది. బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఇంజనీర్ ఇన్ చీఫ్‌లు కూర్చునే త్రిసభ్య కమిటీ దాన్ని చూస్తుంది. తరువాత బోర్డు విడుదల ఉత్తర్వు ఇస్తుంది. ఉత్తర్వు కాగితం బోర్డుది; గేటు ఎత్తే మోటారు, దానికి కరెంటు, మీట నొక్కే మనిషి రాష్ట్ర శాఖవి. శ్రీశైలంలో ఎడమ గట్టు విద్యుత్కేంద్రం తెలంగాణది, కుడి గట్టుది ఆంధ్రప్రదేశ్‌ది. ఎడమ గట్టున టర్బైన్లు తిరిగి జలాశయం మట్టం 854 అడుగుల దిగువకు పోతే రాయలసీమకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడుకు నీళ్లెక్కవని ఒకరి గోడు, జలవిద్యుత్తు మా హక్కని మరొకరి వాదన.

2021 జూలై 15న కేంద్రం గెజిట్ ఇచ్చి, ప్రాజెక్టులను రెండు బోర్డుల పరిధిలోకి తెస్తున్నామని, ఒక్కో బోర్డుకు ఒక్కో రాష్ట్రం 200 కోట్ల రూపాయలు జమ చేయాలని చెప్పింది. అక్టోబరు 14 నుంచి అమలు కావాలి. అయితే ప్రాజెక్టుల అప్పగింత కాగితాల మీదే ఆగిపోయింది. రెండు రాష్ట్రాలూ తాళంచెవులు ఇవ్వకపోతే బోర్డు చేయగలిగిందేమీ లేకపోయింది.

అది ఎంతవరకు వెళ్లిందో 2023 నవంబరు 29 అర్ధరాత్రి చూశాం. తెలంగాణలో తెల్లవారితే పోలింగు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు సాగర్ డ్యాం మీదికి వచ్చి, 26 గేట్లలో సగం మావేనంటూ 13వ గేటు దగ్గర కంచె వేశారు. మర్నాడు కుడి కాలువకు నీళ్లు వదిలారు. అటు తెలంగాణ పోలీసులు, ఇటు ఆంధ్ర పోలీసులు, మధ్యలో ముళ్లకంచె. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో అదే నడవ మీద ఏ జిల్లా వాళ్లమని చూసుకోకుండా టీ తాగేవాళ్లం. కేంద్ర హోం కార్యదర్శి వీడియో సమావేశం పెట్టి, నవంబరు 28 నాటి స్థితికి వెళ్లాలని రెండు రాష్ట్రాలనూ ఒప్పించారు. డ్యాంను కేంద్ర బలగమైన సీఆర్పీఎఫ్‌కు అప్పగించారు.

చార్మినార్ చౌరస్తా

ఇంత రాయడం దేనికి? మనది పేరుకే సమాఖ్య, పెత్తనమంతా ఢిల్లీది. రాజ్యాంగంలో సమాఖ్య అన్న పదమే లేదు, "రాష్ట్రాల కలయిక" అని ఉంది.

వకాల్తా

పదం లేదన్నది నిజమే. మొదటి అధికరణలో ఉన్నది యూనియన్ అన్న మాటే. దాని నుంచి మీరు తీసిన ముగింపును మాత్రం సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 1994లో బొమ్మై కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం సమాఖ్య లక్షణం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని, 356వ అధికరణ కింద రాష్ట్రపతి పాలన విధించడాన్ని కోర్టులు సమీక్షించవచ్చునని చెప్పింది. అంతకు పదేళ్ల ముందు ఇదే హైదరాబాదులో 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేస్తే, ఆయన సరిగ్గా నెల తిరిగేసరికి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పుడు ఆ పని జరిపించింది కోర్టు కాదు, జనం. ఢిల్లీ పెత్తనానికి హద్దు లేదనడానికి ఆ ఉదంతం పనికిరాదు.

తుంగభద్ర ఒడ్డున

నేను హోస్పేటలో స్థిరపడిన తెలుగువాణ్ణి. కృష్ణా బోర్డు గురించి మాట్లాడుకునేటప్పుడు మా తుంగభద్ర బోర్డును అందరూ మరిచిపోతారు. అది 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పుట్టింది. అదీ రాష్ట్ర ఏర్పాటు చట్టం నుంచే వచ్చింది. వకాల్తా గారు చెప్పిన తీరు కొత్తదేమీ కాదన్నమాట. బోర్డు అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రతినిధులు సభ్యులు. తేడా ఏమిటంటే, ఇక్కడ ఆనకట్ట గేట్లు నిజంగానే బోర్డు సిబ్బంది చేతిలో ఉన్నాయి.

2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. నిండు జలాశయం, 33 గేట్లు, వాటిలో ఒకటి లేదు. మర్నాడు పొద్దున్న వంతెన దగ్గర నిలబడి చూస్తే ఆ ఒక్క గండి లోంచి నీళ్లు మిగతా గేట్ల కంటే ఎత్తున దూకుతున్నాయి. మా వీధిలో పొలాలున్న వాళ్లు కన్నడంలోనూ తెలుగులోనూ ఒకటే మాట అన్నారు: ఖరీఫు ఏం గాను? మరమ్మతుకు తెలుగువారే అయిన విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడు వచ్చారు. పారే నీటిలోనే నీటిని అడ్డుకునే స్టాప్‌లాగ్ దిమ్మెలు ఒకదాని మీద ఒకటి దించి, వారం రోజుల్లో గండి మూశారు. ఆ వారమంతా గేటు నిర్వహణ ఎవరి బాధ్యత అన్న రాజకీయ వాదన పత్రికల్లో నడిచింది, బోర్డుది అని ఒకరు, రాష్ట్ర ప్రభుత్వానిది అని ఒకరు. అధికారం పంచుకోవడానికి ముందుకు వచ్చినంత తేలికగా తప్పు పంచుకోవడానికి ఎవరూ రారు.

ఖజానా

నీటి మీద చర్చ చాలా బాగుంది. నేను రాష్ట్ర ఆర్థిక శాఖలో పనిచేసినవాణ్ణి కనుక మాస్టారు గారి నల్లబల్ల మీద నాలుగో గడి ఒకటి గీయమంటాను. అది డబ్బు. జాబితాలో రాష్ట్రానికి వ్యవసాయం, వైద్యం, పోలీసు ఉన్నాయి. వీటన్నిటికీ జీతాలే సింహభాగం. ఎక్కువ రాబడి ఇచ్చే ఆదాయపు పన్ను, కంపెనీ పన్ను, కస్టమ్స్ కేంద్రం వసూలు చేస్తుంది. ఖర్చు ఒకచోట, రాబడి మరోచోట ఉంటాయి కనుక 280వ అధికరణ కింద ఆర్థిక సంఘం అనే వంతెన వేశారు.

వై.వి. రెడ్డి గారు అధ్యక్షులుగా ఉన్న 14వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 శాతం నుంచి ఒక్కసారిగా 42 శాతానికి పెంచింది. 15వ సంఘం జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతమైనందున 41 చేసింది. మొత్తం వాటా పెరిగినా, అందులో ఒక్కో రాష్ట్రానికి వచ్చే ముక్క వేరు లెక్క. 13వ సంఘం కాలంలో ఉమ్మడి రాష్ట్రం ముక్క 6.937 శాతం. 14వ సంఘంలో ఆంధ్రప్రదేశ్‌కు 4.305, తెలంగాణకు 2.437, 15వ సంఘంలో అవి 4.047, 2.102. రెండూ కూడితే 6.149. జనాభా అదుపులో పెట్టుకున్న, తలసరి ఆదాయం పెంచుకున్న రాష్ట్రాలకు ఈ సూత్రాలలో ముక్క తగ్గుతుంది. 15వ సంఘంలో ఉత్తరప్రదేశ్ ఒక్కదానికే 17.939 శాతం. పేద రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వడం న్యాయమే, నేను కాదనను. మా శాఖలో గొణుగుడు మాత్రం సెస్సులు, సర్‌చార్జీల గురించి ఉండేది: 270వ అధికరణ ప్రకారం అవి పంపకంలోకి రావు. కేంద్రం పన్ను రేటు పెంచితే 41 పైసలు రాష్ట్రాలకు పోతాయి, అదే రూపాయిని సెస్సుగా వేస్తే పైసా పోదు.

అప్పు సంగతి ఇంకా నేరుగా ఉంటుంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం దాని అనుమతి లేనిదే అప్పు చేయరాదని 293వ అధికరణ మూడో క్లాజు చెబుతుంది, బాకీ లేని రాష్ట్రమంటూ లేదు. కార్పొరేషన్ల పేరుతో తెచ్చిన అప్పును కూడా రాష్ట్రం అప్పుగానే కేంద్రం లెక్కకట్టడం మొదలుపెట్టాక ఏటా ఆర్థిక సంవత్సరం చివర్లో మా కార్యాలయంలో ఫైలు కంటే ముందు మనిషిని ఢిల్లీకి పంపే పరిస్థితి వచ్చింది. కేరళ దీని మీదే సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024లో అది రాజ్యాంగ ధర్మాసనానికి బదిలీ అయింది.

పౌరశాస్త్రం మాస్టారు

ఖజానా గారూ, వస్తు సేవల పన్ను రేట్లను సిఫార్సు చేసే జీఎస్టీ కౌన్సిల్ సంగతి కూడా కలుపుతారా? అందులో రాష్ట్రాలదే పైచేయి అని ఒక విద్యార్థి చెప్పాడు.

ఖజానా

పుస్తకంలో రాష్ట్రాల ఓటు బరువు మూడింట రెండు వంతులు, కేంద్రానిది మూడింట ఒక వంతు. నిర్ణయానికి హాజరై ఓటేసిన వారి బరువులో నాలుగింట మూడు వంతులు కావాలి. కేంద్రం వద్దంటే మిగతా అందరూ కలిసినా 67 దగ్గరే ఆగిపోతారు, 75 అందదు. ఇటు రాష్ట్రాల వైపు, శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతాలతో కలిపి 31 ఓట్లు. ఒక్కొక్కటి దాదాపు 2.15 శాతం. అన్నీ హాజరైనప్పుడు కేంద్రాన్ని ఆపాలంటే కనీసం పన్నెండు కలవాలి. మన రెండు రాష్ట్రాలూ ఏకమైనా 4.3 శాతమే. ఓటింగు జరగడమే అరుదు, మొదటిసారి జరిగింది 2019 డిసెంబరులో లాటరీ పన్ను మీద. 2022 మేలో మోహిత్ మినరల్స్ కేసులో కౌన్సిల్ సిఫార్సులు కేంద్ర, రాష్ట్ర చట్టసభలను కట్టివేయవని సుప్రీంకోర్టు చెప్పింది. అయినా విడిగా వేరే రేటు పెట్టుకునే సాహసం ఏ రాష్ట్రానికి ఉంటుంది?

వకాల్తా

ఉమ్మడి జాబితా ఒక్కటి మిగిలింది. రాష్ట్ర చట్టం పార్లమెంటు చట్టంతో పొసగకపోతే 254వ అధికరణ ప్రకారం పార్లమెంటుదే నిలుస్తుంది; రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టం నిలుస్తుంది. ఈ తలుపు రెండు విధాలా తెరుచుకోవడం మనం చూశాం. 2013 భూసేకరణ చట్టానికి తెలంగాణ చేసిన సవరణలకు రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. 2019 డిసెంబరులో మహిళలపై నేరాలకు త్వరిత విచారణ, కఠిన శిక్షల కోసం ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లుకు రాలేదు. రాష్ట్రపతి ఆమోదమంటే ఆచరణలో కేంద్ర మంత్రిమండలి సలహా అని పిల్లలకు విడమరిచి చెప్పాలి, లేకపోతే రాష్ట్రపతి భవనంలో ఒక్కరే కూర్చుని నిర్ణయిస్తారనుకుంటారు.

పిల్లలకు నచ్చే ఉదాహరణ ఒకటి: సినిమా. రాష్ట్ర జాబితా 33వ అంశంలో సినిమా హాళ్లు ఉన్నాయి, కేంద్ర జాబితా 60వ అంశానికి లోబడి. కనుక సినిమాకు సర్టిఫికెట్ ఇచ్చేది కేంద్ర బోర్డు. టికెట్ ధర, అదనపు ఆటలు రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుతో. పెద్ద సినిమా విడుదలకు ముందు నిర్మాతలు ఎక్కడెక్కడికి తిరుగుతారో పిల్లలకు మనకంటే బాగా తెలుసు.

దిగువ ఆయకట్టు

ప్రకాశం జిల్లా సాగర్ కుడి కాలువ చివరి భూముల రైతును. ఇంతమంది రాసినదంతా చదివాను. ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. కేంద్రం తనంత తానే వచ్చి మన గేటు మీద చెయ్యి వేయలేదు, మనమే పిలిచాం. 2014లో ట్రైబ్యునల్‌ను కోరుతూ కేంద్రానికి ఫిర్యాదు చేసింది తెలంగాణ. 2021 జూలైలో బోర్డుల పరిధిని ప్రకటించమని సుప్రీంకోర్టుకు వెళ్లింది ఆంధ్రప్రదేశ్. ఆ కేసు వచ్చినప్పుడు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాడినని, మధ్యవర్తిత్వంతో తేల్చుకోమని సలహా ఇచ్చారు. ఒప్పుకోకపోవడంతో ఆయన ఆ కేసు నుంచి తప్పుకున్నారు. 2023 అక్టోబరులో కేంద్రం కృష్ణా జలాల వివాదంపై వేసిన బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్‌కు కొత్త విచారణాంశాలు ఇస్తే, దాన్ని సవాలు చేసిందీ మన రాష్ట్రమే. మనకు అనుకూలమైన రోజున కేంద్రం పెద్దమనిషి, కానిరోజున పెత్తందారు.

చివరి భూములకు నీళ్లు అందని సంవత్సరం మాకు ఎవరి అధికారం అన్న ప్రశ్న రాదు. పై తూముల దగ్గర రాత్రిపూట కాపలా ఎవరు కాస్తారన్న ప్రశ్న వస్తుంది.

కాలువగట్టు

ఆ మాట నిజం. నేను వారబందీ (వంతులవారీ నీటి పంపకం) వేసిన రోజుల్లో ఎగువ గ్రామం, దిగువ గ్రామం మధ్య జరిగినదే ఇప్పుడు రెండు రాష్ట్రాల మధ్య జరుగుతోంది. కాకపోతే కాలువ చూసుకునే లస్కరు స్థానంలో కేంద్ర కార్యదర్శి ఉన్నారు.

పౌరశాస్త్రం మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న తరగతిలో మూడు గడులు గీయడానికి బదులు రాష్ట్ర జాబితాను అచ్చువేసి పంచి, "లోబడి" అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ ఎర్ర సిరాతో గీత పెట్టమన్నాను. గంట కొట్టేసరికి కాగితాలు ఎర్రబడ్డాయి. ఆ ఎడమ కాలువ విద్యార్థి మాత్రం ఇంకో ప్రశ్న మిగిల్చాడు. శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్రాలవే అయితే ఆ నవంబరులో సాగర్ మీదికి సీఆర్పీఎఫ్ ఏ అంశం కింద వచ్చిందని అడుగుతున్నాడు. వకాల్తా గారు చెప్పాలి.

వకాల్తా

కేంద్ర జాబితాలో 2-ఎ అంశం. 1976లో 42వ సవరణ చేర్చినది. రాష్ట్రంలో పౌర అధికారులకు సాయంగా కేంద్ర బలగాలను దించడం గురించి. అదే సవరణ రాష్ట్ర జాబితాలోని "పోలీసు" పక్కన కూడా ఆ అంశానికి "లోబడి" అని రాసి పోయింది. రెండో అంశం దగ్గర అతను ఎర్ర గీత పెట్టాడో లేదో ఒకసారి కాగితం చూడండి.